నీళ్లలో రెండో మనిషి

శుక్రవారం ఉదయం తొమ్మిదింపావుకి కెలెమెన్ పిరోష్కాను తీసుకొచ్చి నా ఎదుట కూర్చోబెట్టారు. సాయంత్రం అయిదింటికి ఆమె ఫైలు ప్రాసిక్యూటరు దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ తరువాత హత్యానేరం ఆమె మెడకు చుట్టుకున్నట్టే. దాన్ని విప్పడం నాలాంటి చిన్న లెఫ్టినెంటు వల్ల అయ్యే పని కాదు.

చనిపోయినది సెపెషి ఓడోన్. అరవై నాలుగేళ్ల రిటైర్డ్ లెక్కల మాస్టారు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. బుధవారం సాయంత్రం నాలుగుకీ ఏడుకీ మధ్య తన వంటింట్లో, ఇనుప పొయ్యి అంచుకు తల తగిలి పోయాడని డాక్టరు రాశాడు. రెండు భుజాల మీదా వేళ్ల గుర్తులున్నాయి, కనుక ఎవరో తోశారు. నాలుగూ పదికి పిరోష్కా ఆయన ఇంటికి వెళ్లింది. నాలుగూ ఇరవై అయిదుకు బయటికొచ్చింది. ఆ పావుగంటలో మాస్టారు గొంతు పెంచడం పై అంతస్తువాళ్లు విన్నారు. గురువారం ఉదయం శవాన్ని మొదట చూసింది కూడా ఆమే. మా కెప్టెన్ గెరెబెన్ తివదార్‌కు అంతకు మించి అక్కర్లేకపోయింది. నాలుగు గోడలూ లేచాయి, ఇక పైకప్పు వెయ్యడమే మిగిలిందని ఆయన అందరి ముందూ అన్నాడు. మళ్లీ ఒకసారి ప్రశ్నిస్తానని నేను అడిగితే, ఊరికే కూర్చోవడం కంటే అదే నయం ఎటెల్కా, అని నవ్వి ఒప్పుకున్నాడు.

పిరోష్కాకు ముప్ఫయ్యారేళ్లు. పక్క ఊరు వాషార్‌హెయ్‌లోని ప్రెస్సులో పటాలు గీసే పని. కుడిచేతి రెండు వేళ్లకు సిరా మరకలు, ఎంత కడిగినా పోనివి. రాత్రంతా జైల్లో గడిపిన మనిషి నన్ను అడిగిన మొదటి మాట, ఏప్రిల్ సంచిక చివరి పేజీని మాస్టారు పూర్తిచేశారా అని.

ఆ చివరి పేజీ సంగతి ఆమే చెప్పింది. వాళ్ల ప్రెస్సులో బడిపిల్లల కోసం, వేసవి సెలవుల నెలలు తప్ప, ఒక లెక్కల మాసపత్రిక అచ్చవుతుంది. దాని చివరి పేజీలో తొమ్మిదేళ్లుగా మాస్టారు నెలకు ఆరేడు సమీకరణాలు ఇచ్చేవారు. వాటిని గ్రాఫు కాగితం మీద గీస్తే ఒక బొమ్మ, ఆ బొమ్మలో ఒక పరిహాసం బయటపడేవి. ఒకసారి ఒక పిల్లి వచ్చింది. దాని తోక గ్రాఫు నడుమ ఉండే అడ్డగీతకు దగ్గరవుతూ దగ్గరవుతూ పోతుంది కాని ఎన్నటికీ తాకదు. కింద మాస్టారు ‘ఇప్పుడే ఇంటికొస్తున్నా’ అని రాశారు. ఇంకోసారి తిసా నది ఒడ్డున గాలం వేసిన మనిషి. గాలపు దారం నిలువుగా దిగి, కొక్కెం దగ్గర ఒక ఖాళీ చుక్కతో ఆగిపోతుంది. లెక్కల్లో ఖాళీ చుక్క పెడితే ఆ చోట ఏమీ లేదని అర్థం. చేప ఉండాల్సిన చోట ఏమీ లేదు. దేశమంతా పిల్లలు దానికి నెలరోజులు నవ్వుకున్నారట.

నెలనెలా రెండో బుధవారం ఆ పేజీని తీసుకెళ్లడానికి పిరోష్కా రైలెక్కి ఇక్కడికి, సెగెద్ నగరానికి వచ్చేది. ఈ బుధవారం పేజీ పూర్తికాలేదు. పైగా ఆమె మోసుకొచ్చింది చెడ్డ కబురు. కొత్త సంపాదకుడు ఏప్రిల్ తరువాత ఆ పేజీ ఎత్తేస్తున్నాడు. మాస్టారు ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది అప్పుడే.

“ఏమని అరిచాడు?”

“అయితే నేనింక ఎవరితో మాట్లాడాలి అన్నారు, మేడమ్.” ఆమె తల వంచుకుని సిరా వేళ్లను చూసుకుంది. “కోపం నా మీద కాదు. తరువాత ఆయనే క్షమించమన్నారు. రేపు తొమ్మిదింటికి రా, పూర్తిచేసి ఉంచుతానన్నారు. అందుకే వచ్చాను గురువారం.”

బుధవారం ఆమె బయటికొచ్చేసరికి గ్రాఫు ఎంతవరకు వచ్చిందని అడిగాను. గీతలు చూసి బతికే మనిషి కనుక తడుముకోలేదు. రెండు మూపుల్లాంటివి ఉన్నాయని, పెన్సిలు రెండో మూపు సరిగ్గా నెత్తి మీద ఆగి ఉందని, ఆ తరువాత కాగితమంతా ఖాళీ అని చెప్పింది. కావాలంటే ఒట్టు వేస్తానంది. అక్కర్లేదన్నాను.

ఆమె ఎక్కిన రైలు నాలుగూ యాభై రెండుకు కదిలింది. టికెట్టు మీద గార్డు కొట్టిన ముద్ర ఫైల్లోనే ఉంది. నాలుగూ యాభై రెండు తరువాత మాస్టారు బతికి ఉన్నాడని తేలితే పిరోష్కా ఇంటికి వెళ్తుంది. తేలకపోతే పదిహేనేళ్ల జైలు. పైన చెప్పిందంతా నా మనసులో ఈ రెండు వాక్యాలుగా కుదించుకుని లేచాను.

మాస్టారి ఇంటి తాళంచెవి కెప్టెన్ దగ్గరే ఉండేది. నాకు ఇస్తే చాలన్నా ఆయన వినలేదు, తానూ బయలుదేరాడు. పదకొండూ ఇరవైకి మూడో అంతస్తు ఎక్కాం. లోపలి పెరడు చుట్టూ తిరిగే వరండాలోంచి తలుపు తీస్తే ముందు వంటిల్లు, దాని పక్కన సామాన్ల కొట్టు, వెనక ఒకే ఒక గది. గదిలో కిటికీకి ఎదురుగా బల్ల. దాని ముందు కుర్చీ ఒకటే. ఇల్లంతా వెతికినా రెండో కుర్చీ లేదు. ఉంటే దాని మీద ఎవరు కూర్చుంటారు కనుక.

బల్ల మీద పిడి తిప్పే లెక్కల యంత్రం, సమీకరణాల నోటుపుస్తకం, గ్రాఫు కాగితం. గురువారం ఎవర్నీ ఆ కాగితం ముట్టుకోనివ్వలేదు కెప్టెన్. ఇవాళ నేను ముట్టుకున్నాను. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

“ఒంటె,” అన్నాడు. “రెండు మూపులు. చూడగానే తెలియట్లా? ఎడారిలో తప్పిపోయిన ముసలాడు ఒంటెను గీశాడు. రాసుకో రిపోర్టులో.”

నేను నోటుపుస్తకం విప్పాను. మా ఊరి బడిలో నాలుగు తరగతులకు ఒకే పంతులమ్మ. ఆమె ఏ లెక్కనూ చేయకుండా వదలనిచ్చేది కాదు. పుస్తకంలో ఏడు సమీకరణాలున్నాయి. ఒక్కొక్కటీ కాగితం మీద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలుతో పోల్చుకున్నాను. మొదటి రెండూ మూపులు కావు, వంగి కూర్చున్న ఇద్దరు మనుషుల వీపులు. మూడోది వాళ్ల కింద తిన్నగా పోయే గీత, అంటే బల్ల. నాలుగూ అయిదూ రెండు గాలాలు. ఆరోది అడ్డగీతకు, అంటే నీటిమట్టానికి, కింద ఉంది. మొదటి మనిషి నీడ అది, నీళ్లలో వణుకుతూ పడ్డ నీడ. ఏడోది చిన్నది. మొదటి మనిషికి తలగా ఒక నిండు చుక్క, రెండో మనిషికి తలగా ఒక ఖాళీ చుక్క.

రెండో మనిషికి నీడ సమీకరణం లేదు. ఉండదు కూడా. ఖాళీ చుక్క పెడితే ఆ చోట ఏమీ లేదని అర్థం. ఒడ్డు మీద ఇద్దరు కూర్చున్నట్టే కనిపిస్తారు, నీళ్లను అడిగితే ఒక్కడే. మాస్టారి ఆఖరి పరిహాసం అదీ. చదివాక నాకు నవ్వు రాలేదు. కిటికీ వైపు తిరిగి కాసేపు కాగితాన్ని వెలుగులో చూస్తున్నట్టు నటించాను.

తరువాత లెక్క మొదలుపెట్టాను. మాస్టారు ప్రతి బిందువునూ యంత్రం మీద గుణించి, విలువను పుస్తకంలో రాసి, కాగితం మీద చిన్న అడ్డ కత్తెర గుర్తుతో పెట్టేవారు. రెండో మూపు నెత్తి నుంచి ఆయన చేతి కత్తెర గుర్తులు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో అయిదింటిని నేను మళ్లీ అదే యంత్రం మీద గుణించి, రాసి, పెట్టి చూశాను. చేతిగడియారం పక్కన పెట్టుకున్నాను. ఒక్కోదానికి మూడు నిమిషాలు పట్టింది, అటూ ఇటూ పది సెకన్లు. పద్నాలుగు మూళ్లు నలభై రెండు. నాలుగూ ఇరవై అయిదుకు కలిపితే అయిదూ ఏడు.

“రైలు కదిలాక పావుగంటసేపు ఆయన ఇక్కడ కూర్చుని బిందువులు పెడుతూనే ఉన్నారు, కామ్రేడ్ కెప్టెన్.”

“నువ్వు మూడు నిమిషాలు తీసుకున్నావు. నీ వయసేమిటి, ఆ యంత్రంతో నీకు పరిచయమేమిటి? తొమ్మిదేళ్లు తిప్పినవాడు నిమిషంలో తిప్పుతాడు. నాలుగూ నలభైకి అయిపోయింది. అప్పుడావిడ వెనక్కి వచ్చి తోసి, రైలు అందుకుంది. స్టేషను ఇక్కణ్ణించి పది నిమిషాలు.”

“రెండో మూపు దగ్గర ఆగిందని ఆమె చెప్పింది నిజమని మీరు ఒప్పుకుంటున్నారా?”

ఆయన మాట మార్చాడు. చుక్కలు సాక్ష్యం కావని, కోర్టులో జడ్జి ముందు ఒంటెను నిలబెట్టలేమని, అయిదింటి దాకా నేను ఏ బొమ్మలు గీసుకున్నా తనకు అభ్యంతరం లేదని అన్నాడు. గొంతులో వెటకారం ఉంది. చూపు మాత్రం నా మీద లేదు, కాగితం అడుగు భాగం మీద ఉంది.

నేనూ అటే చూశాను. అడ్డగీతకు కింద, మొదటి నీడ పక్కన, ఇంకో తొమ్మిది బిందువులున్నాయి. కలిపితే రెండో మనిషి నీడ. నీళ్లలో వణుకుతూ, సరిగ్గా మొదటిదానిలాగే. నోటుపుస్తకంలో వీటి విలువలు లేవు. ఇవి కత్తెర గుర్తులు కావు, గుండ్రటి చుక్కలు. పైకి చూస్తే, ఏడో సమీకరణం ఖాళీగా ఉంచమన్న తల చుక్కను ఎవరో పెన్సిలుతో నింపేశారు.

కాగితాన్ని తిరగేసి వేలితో తడిమాను. తొమ్మిది చోట్ల చిన్న బొడిపెలు తగిలాయి. ప్రతి చుక్క నడుమా సూదిమొన దిగిన రంధ్రం ఉంది.

ఆ అలవాటు ఎవరిదో నాకు తెలుసు. ఈ విభాగానికి రాకముందు ఏడాదిపాటు నేను రోడ్డు ప్రమాదాల విభాగంలో పటాలు గీశాను. లారీ ఇక్కడ, సైకిలు ఇక్కడ, రక్తం ఇక్కడ అని గ్రాఫు కాగితం మీద గుర్తులు పెట్టాలి. కింద రెండో కాగితం పెట్టుకుని, ప్రతి గుర్తునూ ముందు వృత్తలేఖిని ముల్లుతో పొడిచి, తరువాతే పెన్సిలు పెడతాం. పొడిస్తే నకలు దానంతటదే తయారవుతుంది. ఆర్నెల్లు చేస్తే చెయ్యి మానుకోదు. ఈ ఊళ్లో అలా గీసేవాళ్లు మావాళ్లే, మొత్తం తొమ్మిదిమంది.

కాగితాన్ని అట్ట మధ్య పెట్టి, సాక్ష్యం కింద తీసుకెళ్తున్నానని చెప్పాను. కెప్టెన్ టోపీ సర్దుకుని, నాకంటే ముందు మెట్లు దిగిపోయాడు.

గోడకు అవతల ఉండేది జెల్మా పిన్ని. డెబ్బయ్యేళ్లు దాటిన విధవరాలు, మోకాళ్లనొప్పులు, వరండా దాటి ఎక్కడికీ పోదు. గసగసాల రొట్టె ముక్క నా ముందు పెట్టి, తినేదాకా నోరు విప్పలేదు. గురువారం మావాళ్లెవరూ ఆమెను రెండు ప్రశ్నలకు మించి అడగలేదట. ముసలిదానికేం తెలుసనుకున్నారు.

ఆమెకు గోడ తెలుసు. మాస్టారు యంత్రం తిప్పితే కాఫీగింజలు విసిరినట్టు నింపాదిగా, ఒకే వేగంతో చప్పుడు వచ్చేది. తొమ్మిదేళ్లుగా ఆ చప్పుడు వింటూ అల్లుకునేదట. బుధవారం అయిదింటికి రేడియోలో వార్తలు మొదలయ్యాయి, చప్పుడు ఇంకా వస్తోంది, వార్తలు వినపడక గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. ఆయన తిరిగి ఒక దెబ్బ కొట్టారు. అంటే అయిపోవచ్చిందని. కాసేపటికి ఆగిపోయింది.

“తరువాత ఇంకేమైనా విన్నావా పిన్నీ?”

“విన్నాను. ఆరు గంటలు కొట్టాక మళ్లీ మొదలైంది. కాని అది ఓడోన్ చెయ్యి కాదే అమ్మాయ్.” ఆమె గాలిలో పిడి తిప్పి చూపింది. ఒక చుట్టు, ఆగడం. ఒక చుట్టు, ఆగడం. “చుట్టాలింటికి వెళ్లినవాడు తన చెంచా మోగితే భయపడినట్టు. ఇన్నాళ్లకు ఎవరో వచ్చారు పాపం, వచ్చినవాణ్ణి కూడా పనిలో పెట్టాడు అనుకున్నా. నాకు సంతోషం వేసింది కూడా.”

ఇది ఎవరితోనైనా చెప్పావా అని అడిగితే, నిన్న పెద్ద ఆఫీసరుతో చెప్పానంది. చెవుల్లో దూది పెట్టుకుని పడుకోమన్నాడట.

మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ మాస్టారి గదిలోకి వెళ్లాను. కెప్టెన్ వెళ్తూ తాళంచెవి ఇచ్చిన కాపలా కానిస్టేబులు తలుపు తీశాడు. ఈసారి ఒక్కదాన్నే. తొమ్మిది బిందువులు పెట్టిన మనిషి మాస్టారి పరిహాసాన్ని అక్కడికక్కడే విడమరచుకున్నాడు. జవాబు కూడా చెప్పాడు, నీళ్లలో నేనూ ఉన్నానని. అలాంటి జవాబులు చెప్పడం అతనికి మొదటిసారి కాదనిపించింది. అలమార అడుగున అట్టపెట్టె దొరికింది.

అందులో ఎనభై నాలుగు గ్రాఫు కాగితాలు, కవర్లతో సహా, తేదీవారీగా. చివరి పేజీకి జవాబులు మాస్టారి చిరునామాకే పంపే పిల్లలు పేరుకు బదులు ఒక మారుపేరు రాసుకోవచ్చు. ఈ ఎనభై నాలుగింటి మీదా ఒకటే మారుపేరు, ‘వంతెన కింద’. పిల్లవాడి చెయ్యి కాదు. మాస్టారు ఇంటికొస్తున్న పిల్లిని గీసిన నెల, ఇతను ఒక గుమ్మాన్ని గీసి పంపాడు. గుమ్మం ముందు పాలగిన్నె, గిన్నెలో ఖాళీ చుక్క, పాలు ఎప్పుడో ఎండిపోయాయని. మాస్టారు గాలం వేసిన మనిషిని గీసిన నెల, ఇతను నీళ్లడుగు నుంచి చూస్తున్న చేపను గీశాడు. ఉత్తరం ముక్క ఒక్కటి లేదు. మనిషికి మనిషి కనిపించకుండా తొమ్మిదేళ్లు గీతలతో మాట్లాడుకున్నారు. చివరిది ఈ నెల నాలుగో తేదీది. ఓరగా తెరిచిన తలుపు, తలుపు బయట ఒక ఖాళీ చుక్క. రానా అని అడిగినట్టు.

నేలమీద కూర్చుని ఒక్కో కాగితాన్నీ తిరగేసి వేలితో తడిమాను. ఎనభై నాలుగింటికీ రంధ్రాలున్నాయి.

కవర్ల మీద పంపినవాడి చిరునామా లేదు. తపాలా ముద్రలు మాత్రం ఉన్నాయి. పోయిన ఏడాది మార్చి దాకా అన్నీ స్టేషను దగ్గరి తపాలా ఆఫీసులో పడ్డవి. ప్రమాదాల విభాగానికి ఎదురుగా ఉన్నది అదే. పోయిన ఏప్రిల్ నుంచి ముద్ర మారింది. అవన్నీ మా ఆఫీసు పక్క వీధి తపాలా ఆఫీసువి. నేను ఇక్కడికి వచ్చి రెండు నెలలు. పోయిన ఏప్రిల్‌లో అక్కణ్ణుంచి ఇక్కడికి మారిన మనిషి ఒక్కడే. ముల్లుతో ఎంత లోతు పొడవాలో నాకు చెయ్యి పట్టి నేర్పించినదీ ఆయనే.

కవర్లను మళ్లీ తేదీవారీగా పెట్టెలో సర్దాను. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. సెగెద్‌లో నాకు అలా చెప్పుకోదగ్గ మనిషి ఎవరా అని ఆలోచిస్తే, ఒక్క పేరూ తోచలేదు. పెట్టెను చంకన పెట్టుకుని ట్రామెక్కాను.

నాలుగూ పదికి కెప్టెన్ గది తలుపు తట్టాను. పిరోష్కా ఫైలు టైపు చేసి సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఆయన కలం మూత తీసి పట్టుకుని ఉన్నాడు. నేను గ్రాఫు కాగితాన్ని తిరగేసి ఆయన ముందు పరిచాను.

“ఒకసారి వేలితో తడిమి చూడండి, కామ్రేడ్ కెప్టెన్.”

తడమలేదు. అవసరం లేకపోయింది. పెట్టెను కాగితం పక్కన పెట్టాను. దాన్ని చూసి ఆయన కలం మూత పెట్టేశాడు. మాస్టారు అన్నీ దాచిపెట్టాడా అని అడిగాడు. దాచారని, తేదీలవారీగా ఉన్నాయని చెప్పాను. ఎన్ని అన్నాడు. ఎనభై నాలుగన్నాను. ఎనభై అయిదు పంపానని, ఒకటి తపాలాలో పోయినట్టుందని అన్నాడు. ఆ ఒకటి ఏమిటో ఆలోచిస్తున్నట్టు కిటికీ వైపు చూశాడు.

మా ఊళ్లో బావి తవ్వేవాళ్లు నీరు ఊరేదాకా మాట్లాడరు. నాకు ఆ ఓపిక ఉంది.

ఆయన చెప్పిన సంగతి ఇది. తొమ్మిదేళ్ల కిందట, భార్య విడిచి వెళ్లిన శీతాకాలంలో, ఎవరో పిల్లవాడు ప్రమాదంలో పోతే ఆ పిల్లవాడి సంచిలో ఈ పత్రిక దొరికింది. ఆ రాత్రి చివరి పేజీ విప్పి గీశాడు, చాలా నెలల తరువాత మొదటిసారి నవ్వాడు. ఆపైన ప్రతి నెలా జవాబు పంపాడు. కలుద్దామని వందసార్లు అనుకున్నాడు. కాని తిరుగుబాటు అణిచేశాక, పందొమ్మిది వందల యాభై ఏడులో మాస్టారిని మూడేళ్లు బడి నుంచి తప్పించింది పోలీసులేనని విని ఆగిపోయాడు. గుమ్మంలో యూనిఫాం కనిపిస్తే ఆ మనిషి ఇంకెప్పుడూ పరిహాసమాడడని భయం. ఈ నెల తెగించాడు. బుధవారం మామూలు బట్టలు వేసుకుని, అయిదూ యాభైకి మెట్లెక్కాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. వంటింట్లో మాస్టారు కిందపడి ఉన్నాడు. నాడి లేదు.

“పోలీసువై ఉండి ఫోన్ చెయ్యలేదేమిటని అడగవేం?”

“అడుగుతున్నాను.”

“చేద్దామనే లేచాను. గదిలోకి వెళ్తే బల్ల మీద ఇది కనిపించింది.” ఆయన కాగితాన్ని తాకకుండా చూపించాడు. “ఇద్దరు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఇద్దర్ని గీశాడు. నాకోసం చోటు పెట్టాడు ఎటెల్కా. దాన్ని అలా వదిలేసి ఎలా పోను? కూర్చుని తొమ్మిది బిందువులూ పెట్టాను. అయ్యేసరికి ఆరూ ఇరవై అయిదయింది. అప్పుడు తెలిసింది ఏం చేశానో. శవం పక్కన కూర్చుని సాక్ష్యం మీద బొమ్మ గీసిన ఆఫీసరునని ఎవరితో చెప్పను?”

పిరోష్కా తోసిందని తాను నిజంగానే నమ్మానన్నాడు. ఎప్పటిదాకా నమ్మారని అడిగాను. నిన్న జెల్మా పిన్ని మాట్లాడేదాకా అని ఒప్పుకున్నాడు. నిన్నటి నుంచి ఇవాళ్టి దాకా ఆమె జైల్లో ఉందని అన్నాను. అప్పటికి నాలుగూ ముప్ఫయ్యయిదు.

ఆయన టైపు చేసిన ఫైలును పక్కకు తోసి, తెల్లకాగితం తీసుకుని వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఫోనెత్తి జైలుకు చెప్పాడు. కెలెమెన్ పిరోష్కాను వెంటనే వదలాలి, ఆమె వస్తువులు ఆమెకు ఇచ్చెయ్యాలి, రైలు దాకా ఒకరు తోడు వెళ్లాలి. అవతలివాడు ఏదో అడ్డుచెప్పినట్టున్నాడు. “నా సంతకం ఇంకో గంటసేపు చెల్లుతుంది, ఈలోపల పని కానివ్వు,” అని ఫోను పెట్టేశాడు. నాలుగూ యాభైకి ఆమె గేటు దాటిందని కబురొచ్చింది. ఒక మనిషి తన ఇంటికి తాను వెళ్తోంది.

వాంగ్మూలం నాకు చదవమని ఇచ్చాడు. మూడు పేజీలు. నిమిషాలు, అడుగులు, ఎక్కడ నిలబడ్డాడో ఎటు తిరిగాడో అన్నీ ప్రమాదపు రిపోర్టులాగే ఉన్నాయి. రెండో పేజీ చివరిదాకా చదివి ఆగాను. మొదటి పేజీకి తిప్పి మళ్లీ చదివాను.

“మీరు వెళ్లేసరికి మాస్టారి కళ్లు తెరిచి ఉన్నాయని రాశారు.”

“ఉన్నాయి. నా వైపే చూస్తున్నట్టు ఉన్నాయి. అందుకే ముందు బతికే ఉన్నాడనుకున్నాను.”

“వెళ్లిపోయేటప్పుడు మళ్లీ వంటింట్లో వంగి చూశారు.”

“కళ్లు మూసి వెళ్దామని. కాని అప్పటికే...”

“అప్పటికే మూసి ఉన్నాయి. అలాగే రాశారు. మీరు మూశారా?”

తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఆ దుఃఖంలో తానే ముందు మూసి మరిచిపోయానేమో అనుకున్నాడట. కాగితం మీద పెట్టాక గాని తెలియలేదు. మొదటిసారి నాడి చూసి వెంటనే లేచాడు. ముఖాన్ని ముట్టుకోలేదు.

సామాన్ల కొట్టు తలుపు వంటింట్లోకే తెరుచుకుంటుంది. గదిలో బల్ల కిటికీకి ఎదురుగా ఉంది కనుక, కుర్చీలో కూర్చున్నవాడి వీపు వంటింటి వైపు ఉంటుంది. అరగంటసేపు యంత్రం ఆగి ఆగి మోగింది. ఆ మోతల చాటున ఎవరో కొట్టులోంచి వచ్చి, చనిపోయిన మనిషి పక్కన వంగి, రెండు కళ్లూ మూసి, వరండాలోకి వెళ్లిపోయారు. మాస్టారిని తోసిన చేతులే ఆ పని చేశాయి. ఇంకెవరైతే అరిచేవారు.

“రెండు రోజులుగా వాడికి తెలుసు, నేను అక్కడికి వెళ్లానని,” అన్నాడు కెప్టెన్ మెల్లగా. “తెలిసి కూడా, నేను పిరోష్కాను పట్టుకెళ్తుంటే చూస్తూ ఊరుకున్నాడు.”

“ఇప్పుడు ఆమె బయటికొచ్చింది. ఎలా వచ్చిందో రాత్రిలోగా వాడికి తెలుస్తుంది,” అన్నాను. “కొట్టు తలుపు సందులోంచి మీ ముఖం వాడు చూశాడు, కామ్రేడ్ కెప్టెన్. మీరు మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.”